మీల్ మేకర్ తింటే వీర్యకణాలు తగ్గుతాయా? కర్రీ పాయింట్ వాడిని, రోజూ తింటాను

గాజువాక_కర్రీస్ (జనవరి 10)

అందరికీ నమస్కారం. తెలిసినవాళ్లెవరూ గుర్తు పట్టకూడదని కొత్త ఐడీ చేసుకుని అడుగుతున్నాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

నాకు 34 ఏళ్లు. గాజువాకలో కర్రీ పాయింట్ పెట్టి ఆరేళ్లయింది. పెళ్లయి నాలుగున్నరేళ్లు. పిల్లలు లేరు. రెండేళ్లుగా మా ఆవిడ డాక్టర్ల చుట్టూ తిరుగుతోంది. స్కాన్లు, రక్త పరీక్షలు, ట్యూబులు తెరుచుకున్నాయో లేదో చూసే ఆ నొప్పి పరీక్ష కూడా అయింది. అన్నీ బాగున్నాయన్నారు. అప్పుడు డాక్టరమ్మ నా వైపు తిరిగి "మరి మీ రిపోర్టేదీ?" అంది. నాకూ ఒక రిపోర్టు ఉండాలని అప్పటిదాకా తట్టనే లేదు.

మొన్న 6వ తేదీన వీర్యం టెస్టు ఇచ్చాను. కాగితంలో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. పరిమాణం 3.1 మిల్లీలీటర్లు. కౌంట్ మిల్లీలీటరుకి 9 మిలియన్లు. కదలిక మొత్తం కలిపి 24 శాతం. ఆకారం సరిగ్గా ఉన్నవి 3 శాతం. కింద ఇంగ్లీషులో ఓ జబ్బు పేరు. 'ఒలిగో' అని మొదలవుతుంది, ఎక్కడ ముగుస్తుందో నా నోటికి అందలేదు.

ఇప్పుడు అసలు సంగతి. మా షాపు పక్కన సెల్ రిపేరు కుర్రాడొకడున్నాడు. నా మొహం చూసి ఏంటన్నా అంటే సగం చెప్పాను. వాడు వెంటనే ఫోన్లో వీడియో తీశాడు. సోయాలో ఆడవాళ్ల హార్మోను ఉంటుందట, మగాళ్లు తింటే కౌంట్ పడిపోతుందట, ఛాతీ పెరుగుతుందట. మీల్ మేకర్ అంటే ఆ సోయాయే కదా, అది విన్న దగ్గర్నుంచి నాకు నిద్ర లేదు. ఎందుకంటే నేను ఈ ఊళ్లో అందరికంటే ఎక్కువ మీల్ మేకర్ తినేవాళ్లలో ఒకణ్ణి అయ్యుంటాను.

మామూలు రోజుల్లో రెండు కేజీల ఎండు మీల్ మేకర్ నానబెడతాను. కార్తీక మాసం వస్తే నాలుగు కేజీలు. మరుగుతున్న ఉప్పునీళ్లలో పోసి, ఉబ్బాక చన్నీళ్లలో రెండుసార్లు గట్టిగా పిండి, అప్పుడు మసాలాలో వేస్తాను. అలా పిండకపోతే ఆ పచ్చివాసన కూరంతా పట్టేస్తుంది. గుత్తివంకాయ ఏ రోజూ మిగలదు. దొండకాయ మిగిలితే ఎవరూ తినరు. మీల్ మేకర్ మిగిలితే నేను తింటాను. మధ్యాహ్నం అన్నంలోకి అదే, రాత్రి చపాతీలోకి అదే. రెండేళ్లుగా వారంలో ఐదు రోజులు ఇదే వరస. మొన్న అయ్యప్ప మాల వేసుకున్న 41 రోజులూ అయితే చెప్పక్కర్లేదు. ఉల్లి, వెల్లుల్లి లేకుండా దానికి రుచి తేవాలంటే జీడిపప్పు, గసగసాలు నూరి పోయాలి, అది వేరే కథ.

నిజంగా దీనివల్లే అయిందా? మానేస్తే మళ్లీ వస్తుందా? షాపులో అమ్మడం కూడా ఆపేయాలా? ఎవరి కొంపలో ఏం జరుగుతుందో అని కొత్త టెన్షన్ పట్టుకుంది. తెలిసినవాళ్లు చెప్పండి. దయచేసి నవ్వకండి.


జిమ్_బాబు_వైజాగ్

అన్నా, భయపడకు. నేను మూడేళ్లు రోజూ 50 గ్రాముల సోయా చంక్స్ తిన్నాను. చికెన్ కొనే డబ్బుల్లేని రోజుల్లో అదే మన ప్రొటీను. నాకు ఇద్దరు పిల్లలు. ఛాతీ పెరిగింది కానీ అది బెంచ్ ప్రెస్ వల్ల.


ల్యాబ్_స్లైడు

జిమ్ తమ్ముడూ, నీకు ఇద్దరు పిల్లలుంటే ఆయన కౌంట్ పెరగదు. పక్కకి జరుగు.

గాజువాక అన్నా, నేను పదకొండేళ్లుగా ల్యాబ్‌లో పని చేస్తున్నాను. రోజూ ఇవే స్లైడ్లు. మీల్ మేకర్ సంగతి తెలిసినవాళ్లు చెబుతారు. నాకు ముందు ఆ కాగితం మీదే అనుమానంగా ఉంది. నాలుగు ప్రశ్నలు అడుగుతాను, సిగ్గుపడకుండా చెప్పు. శాంపిల్ ల్యాబ్‌లో ఇచ్చావా, ఇంటి దగ్గర తీసి పట్టుకెళ్లావా? పట్టుకెళితే ఎంతసేపు పట్టింది? దానికి ముందు ఎన్ని రోజులు మీ ఆవిడకి దూరంగా ఉన్నావు? గత మూడు నెలల్లో జ్వరం గానీ వచ్చిందా?


గాజువాక_కర్రీస్

అక్కా, చెబుతాను. ల్యాబ్‌లో గది చూపించారు. బయట బెంచీ మీద పది మంది కూర్చుని ఉన్నారు, పల్చటి ప్లైవుడ్ తలుపు. నా వల్ల కాలేదు. డబ్బా అడిగి తీసుకుని ఇంటికొచ్చేశాను. మర్నాడు పొద్దున్న ఇంటి దగ్గర తీసి, స్కూటర్ డిక్కీలో పెట్టుకుని బయల్దేరాను. ఎన్‌ఏడీ మీదుగా రామ్‌నగర్ వైపు. ఆ టైములో ట్రాఫిక్ మీకు తెలిసిందే. యాభై నిమిషాలు పట్టింది. అక్కడ టోకెన్ తీసుకుని ఇంకో నలభై నిమిషాలు. ఎన్నింటికి తీశారని ఎవరూ అడగలేదు.

దూరంగా అంటే మాల వేసుకున్నాను కదా. నవంబరు 17న వేసుకున్నాను, శబరిమల నుంచి డిసెంబరు 30న తిరిగొచ్చాను. వచ్చాక ఒళ్లు పులిసిపోయి, షాపు పనుల్లో పడి అలాగే ఉండిపోయాం. అంటే యాభై రోజులు.

జ్వరం వచ్చింది. డిసెంబరు 8న మొదలై నాలుగు రోజులు. 103 దాకా వెళ్లింది. దీక్షలో ఉన్నాను కాబట్టి స్వామే తగ్గించాడనుకున్నాం, మాత్రలు కూడా వేసుకున్నాననుకోండి.


ల్యాబ్_స్లైడు

అనుకున్నాను. అన్నా, ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టు గానీ మనసులో పెట్టుకోకు.

శాంపిల్ తీసిన గంటలోపు ల్యాబ్ చేతికి అందాలి. వీలైతే అరగంటలోనే చూడటం మొదలుపెట్టాలి. దారిలో ఒంటి వేడి తగలాలి, చొక్కా లోపల పెట్టుకుని తెమ్మని మేం చెబుతాం. జనవరి పొద్దున్న డిక్కీలో, అదీ గంటన్నర అంటే కదిలే కణాలు కూడా చల్లబడి నిలబడిపోతాయి. కాబట్టి ఆ 24 శాతం నేనైతే నమ్మను. టైము అడగకపోవడం వాళ్ల తప్పు.

దూరంగా ఉండాల్సింది రెండు నుంచి ఏడు రోజులు. యాభై రోజులుంటే ముసలి కణాలన్నీ పోగుపడతాయి. అప్పుడు పరిమాణం, కౌంట్ ఎక్కువగా కనబడతాయి, కదలిక తక్కువగా కనబడుతుంది.

నన్ను ఆలోచింపజేసింది కౌంటే. ఆలస్యమైతే కదలిక పోతుంది గానీ కౌంట్ పోదు. చచ్చిన కణాన్ని కూడా లెక్కపెడతాం. యాభై రోజులు ఆగి కూడా 9 వచ్చిందంటే అసలు తయారీలోనే ఎక్కడో దెబ్బ తగిలింది. ఆ దెబ్బ నీ జ్వరం అయ్యుండొచ్చు. వీర్యకణం మొదటి నుంచి తయారవడానికి రెండు, రెండున్నర నెలలు పడుతుంది, బయటికి వచ్చే దారిలో ఇంకో పది పన్నెండు రోజులు. అంత జ్వరం కాస్తే తయారీలో ఉన్న సరుకు పాడవుతుంది. అది ఆ రోజే కనబడదు, మూడు నాలుగు వారాలు పోయాక కనబడుతుంది. నీ జ్వరం డిసెంబరు 8న, టెస్టు జనవరి 6న. లెక్క వేసుకో. ఇంతకంటే చెడ్డ ముహూర్తం పంతులు కూడా పెట్టలేడు.

ఇంకో మాట. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన లెక్కలో కింది గీత కౌంట్‌కి 16 మిలియన్లు, మొత్తం కదలికకి 42 శాతం, ముందుకు పోయేవి 30 శాతం, ఆకారానికి 4 శాతం. ఆకారం 3 అని కంగారు పడ్డావేమో, వందకి నాలుగు ఉన్నా పాసే. ఆ గీతలు ఎలా వచ్చాయంటే, ఏడాదిలోపు భార్య గర్భం దాల్చిన మగాళ్ల శాంపిళ్లు చూసి, వాళ్లలో అడుగున ఉన్న 5 శాతం దగ్గర గీశారు. అంటే గీత కింద ఉండి తండ్రులైనవాళ్లు కూడా ఆ గుంపులోనే ఉన్నారు.

మార్చి చివర్లోనో ఏప్రిల్‌లోనో మళ్లీ ఇవ్వు. మూడు నాలుగు రోజుల దూరం చాలు. ఈసారి ల్యాబ్‌లోనే ఇవ్వు. పొద్దున్నే ఏడింటికి వెళితే బెంచీ ఖాళీగా ఉంటుంది.


బయోకెమ్_మాస్టారు

నేను కాలేజీలో బయోకెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. ల్యాబ్ అమ్మాయి చెప్పిందాంట్లో మార్చాల్సింది ఏమీ లేదు. నేను మీల్ మేకర్ వరకే మాట్లాడతాను.

బాబూ, మీ సెల్ కుర్రాడు చూపించిన వీడియో గాల్లోంచి పుట్టలేదు. దానికో మూలం ఉంది. 2008లో అమెరికాలో, బోస్టన్ నగరంలోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ వాళ్లు 99 మంది మగవాళ్లని చూశారు. పిల్లలు కలగక ఆ ఆసుపత్రికి వచ్చిన జంటల్లోని మగవాళ్లు వీళ్లు. గత మూడు నెలల్లో ఏయే సోయా పదార్థాలు ఎంత తిన్నారని అడిగి, వీర్యం పరీక్షించారు. సోయా బాగా తిన్నవాళ్ల కౌంట్, అసలు తిననివాళ్ల కంటే మిల్లీలీటరుకి 41 మిలియన్లు తక్కువ వచ్చింది. ఈ 41 అనే అంకె ప్రపంచమంతా తిరిగింది, తిరుగుతూనే ఉంది.

దానితో పాటు తిరగనివి చెబుతాను. ఆ బాగా తిన్నవాళ్లు సగటున తిన్నది రోజుకి అర వడ్డన మాత్రమే. కదలికలోగానీ ఆకారంలోగానీ తేడా లేదు. ఒళ్లు ఎక్కువున్నవాళ్లలోనే ఆ తేడా ఎక్కువగా కనబడింది. పైగా ఇది ఒక్కసారి అడిగి, ఒక్కసారి చూసిన లెక్క. సోయా తిన్నందువల్ల తగ్గిందా, సోయా తినేవాళ్లలో ఇంకేదో ఉండి తగ్గిందా అన్నది ఇలాంటి లెక్క తేల్చలేదు.

తేల్చాలంటే తినిపించి చూడాలి. 2010లో 32 మంది ఆరోగ్యవంతులైన కుర్రాళ్లకి 57 రోజుల చొప్పున సోయా ప్రొటీను, పాల ప్రొటీను మార్చి మార్చి ఇచ్చి చూశారు. వీర్యంలో ఏ మార్పూ రాలేదు. అదే బోస్టన్ ఆసుపత్రిలో 2015లో టెస్ట్ ట్యూబ్ పద్ధతికి వచ్చిన జంటల్లో 184 మంది మగవాళ్ల సోయా తిండి చూశారు. పిండం కట్టడానికీ, గర్భం నిలవడానికీ, బిడ్డ పుట్టడానికీ ఆ తిండితో సంబంధం కనబడలేదు. 2021లో 41 అధ్యయనాలు ఒకచోట చేర్చి లెక్క కట్టారు. మగవాళ్ల టెస్టోస్టిరాన్ తగ్గలేదు, ఈస్ట్రోజన్ పెరగలేదు.

ఇక ఆడ హార్మోను మాట. సోయాలో ఉండేవి ఐసోఫ్లేవోన్లు అనే పదార్థాలు. జెనిస్టీన్, డైడ్జీన్ అని వాటి పేర్లు. ఈస్ట్రోజన్ పోలిక ఉన్నమాట నిజమే. పక్కింటి తాళంచెవి మన తాళంలో దూరినట్టు దూరతాయి. తిప్పబోతే సగంలో ఆగిపోతాయి. ఛాతీ పెరిగినవాడు కూడా నిజంగానే ఒకడున్నాడు. అమెరికాలో అరవై ఏళ్ల ఆయన రోజుకి దాదాపు మూడు లీటర్ల సోయా పాలు తాగేవాడు. అది మానేశాక తగ్గిపోయింది. రోజుకి మూడు లీటర్లు ఏది తాగినా ఏదో ఒకటి పెరుగుతుంది లెండి.

నా అభిప్రాయం: మీరు తినేది భయపడాల్సినంత కాదు. అయినా రోజూ రెండు పూటలా ఒకటే తినడం ఎందుకు? ఒక పూటకి మార్చండి. షాపులో నిశ్చింతగా అమ్మండి. అది సోయా గింజలో నూనె తీసేశాక మిగిలిన పిండిని యంత్రంలో వేసి ఉబ్బించింది, వంద గ్రాములకి యాభై గ్రాముల పైన ప్రొటీను ఉంటుంది. పేదవాడి మాంసం.


గుంటూరు_మిర్చి

మాస్టారూ, తిండి వల్ల కౌంట్ పడిపోవడం అంతా పుకారే అంటే నేను ఒప్పుకోను. పత్తి గింజల నూనె సంగతి చెప్పరేం? మా వైపు పత్తి మిల్లుల్లో పనిచేసినవాళ్లకి తెలుసు.


బయోకెమ్_మాస్టారు

పుకారని నేను అనలేదు, సోయా గురించి అన్నాను. మీరు చెప్పింది ఈ కథలన్నిటిలోకీ పెద్దది.

పత్తి గింజలో గాసిపాల్ అనే పసుప్పచ్చ పదార్థం ఉంటుంది. చైనాలో కొన్ని ఊళ్లలో శుద్ధి చేయని పత్తి గింజల నూనెతో వండుకునేవారు. ఆ ఊళ్లలో పిల్లలు పుట్టడం తగ్గిపోయింది. 1950ల్లో కారణం వెతికితే ఇది బయటపడింది. ఆ తరవాత 1970ల్లో దాన్నే మగవాళ్ల గర్భనిరోధక మాత్రగా చేద్దామని ఎనిమిది వేల మందికి పైగా ఇచ్చి చూశారు. కణాలు ఆగిపోయాయి, మందు పనిచేసింది. కానీ కొందరికి రక్తంలో పొటాషియం పడిపోయి కాళ్లు చేతులు చచ్చుబడ్డాయి, మరికొందరికి మాత్ర ఆపినా కణాలు తిరిగి రాలేదు. దాంతో వదిలేశారు.

శుద్ధి చేసి అమ్మే నూనెలో ఈ గాసిపాల్ తీసేస్తారు, కాబట్టి ప్యాకెట్ నూనెకి భయం లేదు. గాజువాక బాబూ, మీరు ఏ నూనె వాడతారు? డబ్బా మీద పేరు లేని లూజు నూనె అయితే మాత్రం మానేయండి.

చేయి ఎలాగూ మసాలా డబ్బాలో పెట్టాం కాబట్టి ఇంకోటి. మిరియాల్లో ఎండిన బొప్పాయి గింజలు కలుపుతారని మీకు తెలిసే ఉంటుంది. జైపూర్‌లో బొప్పాయి గింజల నుంచి తీసిన సారాన్ని కొండముచ్చులకి ఇచ్చి చూశారు. కొన్నాళ్లకి వాటి వీర్యంలో కణాలు పూర్తిగా లేకుండా పోయాయి. ఆపేశాక మళ్లీ వచ్చాయి. కల్తీ మిరియం వల్ల మనిషికి అంత జరుగుతుందని కాదు, అది సారం, ఇది చిటికెడు పొడి. కానీ మిరియాలు కొన్నప్పుడు ఒక గుప్పెడు గ్లాసు నీళ్లలో వేసి చూడండి. మంచి మిరియం మునుగుతుంది, బొప్పాయి గింజ తేలుతుంది.


పెందుర్తి_అక్క

ఇందాకటి నుంచి చదువుతున్నాను. ఏమీ అనకుండా ఉందామనుకున్నాను గానీ నా వల్ల కావడం లేదు.

తమ్ముడూ, కోపం తెచ్చుకోకు. రెండేళ్లు మీ ఆవిడకి స్కాన్లు, సూదులు, ఆ ట్యూబుల పరీక్ష. ఆ పరీక్ష నేనూ చేయించుకున్నాను, బల్ల మీద పడుకుని పళ్లు బిగించుకోవాలి. నీకు ఒక డబ్బా, ఒక గది. ఆ ఒక్కటి చేయించుకోవడానికి రెండేళ్లు పట్టింది. మా ఆయనకి మూడేళ్లు పట్టింది, అందుకే అంటున్నాను.

ఇంకోటి. మీల్ మేకర్ ఎన్ని కేజీలు నానబెడతావో, ఎన్నిసార్లు పిండుతావో, దాంట్లో ఏం నూరి పోస్తావో అంతా రాశావు. గిన్నెలో ఏముందో రాశావు, గిన్నె కింద ఏముందో రాయలేదు. రోజుకి ఎన్ని గంటలు పొయ్యి దగ్గర నిలబడతావు? ఆ పొయ్యి ఎంత ఎత్తులో ఉంటుంది?

మా ఆయనది ఫర్నేస్ దగ్గర పని. ఆయన్ని చూసిన యూరాలజిస్టు తిండి గురించి అడగనే లేదు. "ఏం పని చేస్తావు, ఎక్కడ నిలబడతావు?" అనడిగాడు. వృషణాలు ఒంటి బయట సంచిలో ఎందుకున్నాయో చెప్పాడు. ఒంటి వేడి కంటే రెండు నుంచి నాలుగు డిగ్రీలు తక్కువలో ఉంటేనే అక్కడ పని సాగుతుందట. నాలుగు రోజుల జ్వరానికే అంత దెబ్బ అని ల్యాబ్ అమ్మాయి చెప్పింది కదా, మరి ఆరేళ్ల పొయ్యికి?


గాజువాక_కర్రీస్

అక్కా, మీరన్నదానికి నా దగ్గర జవాబు లేదు. ఇది చదివి మా ఆవిడకి చూపించాను. ఆమె ఏమీ అనలేదు. ఫోన్ తిరిగి ఇచ్చేసి బెండకాయలు కోసుకుంది. అనుంటేనే బాగుండేది.

పొయ్యి సంగతి. షాపులో మూడు భట్టీ పొయ్యిలు వరసగా ఉంటాయి. పొద్దున్న ఐదున్నరకి మొదలుపెడితే పదకొండున్నర దాకా, మళ్లీ సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా. తొమ్మిది గంటలు. గుండిగ పెద్దది, గరిటె తిప్పాలంటే దగ్గరికి వెళ్లి నిలబడాలి, అందుకని స్టాండు కిందికి చేయించాను. మీరు అడిగాక ఈరోజు టేపు పెట్టి కొలిచాను. మంట సరిగ్గా నా తొడల పైభాగానికి ఎదురుగా వస్తోంది. జీన్స్ ప్యాంటు మీద అప్రాన్. వేసవిలో ప్యాంటు జిప్పు కాలి చురుక్కుమంటుంది, అది కూడా మామూలే అనుకుంటూ వచ్చాను.

మాస్టారూ, నూనె ప్యాకెట్టే వాడతాను, పామాయిలూ సన్‌ఫ్లవరూ. మిరియాలు నీళ్లలో వేశాను. పూర్ణా మార్కెట్‌లో కొన్నవి. అరవై, డెబ్బై గింజల్లో నాలుగు తేలాయి. ఇంత గుండ్రంగా ఉంటే ఎవడు పోలుస్తాడండీ!

మా అత్తగారు మునగాకు, మునక్కాయ తినమని పోరుతోంది. జిమ్ తమ్ముడు విడిగా మెసేజ్ పెట్టి అశ్వగంధ, వాల్‌నట్స్ అన్నాడు. మెడికల్ షాపులో జింకు, ఫోలిక్ యాసిడ్ మాత్రలిచ్చారు. వీటిలో ఏది వేసుకోను?


బయోకెమ్_మాస్టారు

మునగాకు మంచి ఆకుకూర. అంతకుమించి మనుషుల్లో చూసి చెప్పిన రుజువు నా కంట పడలేదు. అత్తగారి మాట కాదనకుండా పప్పులో వేసుకోండి, ఇంట్లో శాంతి కూడా ఆరోగ్యానికి అవసరమే.

వాల్‌నట్స్‌కి 2012లో కాలిఫోర్నియాలో జరిగిన పరీక్ష ఉంది. 117 మంది కుర్రాళ్లలో సగం మందికి రోజుకి 75 గ్రాములు, పన్నెండు వారాలు తినిపించారు. కదలిక, ఆకారం కొంత మెరుగయ్యాయి. డబ్బు పెట్టింది వాల్‌నట్ పండించేవాళ్ల కమిషన్ అని కూడా గుర్తుపెట్టుకోండి. జింకు, ఫోలిక్ యాసిడ్ అయితే 2020లో 2,370 జంటలతో గట్టిగా చూశారు. మాత్ర వేసుకున్నవాళ్లలో 34 శాతం జంటలకి బిడ్డ పుట్టింది, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 35 శాతం. కౌంట్, కదలిక, ఆకారంలోనూ తేడా లేదు. అశ్వగంధ మీద లక్నోలో, ఇంకొన్నిచోట్ల చిన్న చిన్న పరీక్షలున్నాయి, ఫలితం బాగుందనే రాశారు. కొందరికి కాలేయం దెబ్బతిన్న సందర్భాలు కూడా ఉన్నాయి. డాక్టరుకి చెప్పకుండా వేసుకోవద్దు.


గాజువాక_కర్రీస్

రోజుకి 75 గ్రాములంటే నెలకి రెండుంబావు కేజీల వాల్‌నట్స్. మాస్టారూ, నేను అమ్మే కూర ప్యాకెట్టు నలభై రూపాయలు. మునగాకే తింటాను.


గాజువాక_కర్రీస్ (ఏప్రిల్ 6)

మూడు నెలలు కనబడలేదు, క్షమించండి. ఏమైందో మీకు చెప్పాలి కాబట్టి వచ్చాను.

జనవరి చివర్లో యూరాలజిస్టు దగ్గరికి వెళ్లాను. పెందుర్తి అక్క చెప్పినట్టే మొదటి ప్రశ్న ఏం పని చేస్తావనే. తరవాత నిలబెట్టి, ఊపిరి బిగబట్టి ముక్కమని చేత్తో చూశాడు. ఎడమ వైపు వేరికోసీల్ ఉందన్నాడు, అంటే అక్కడి రక్తనాళాలు ఉబ్బి ఉండటం. కాళ్ల మీద నరాలు తేలినట్టే అక్కడా తేలతాయట. మగాళ్లలో వందకి పదిహేను మందికి ఉంటుందట, పిల్లలు లేరని వచ్చేవాళ్లలో మూడో వంతు మందికి పైనే. చాలామందికి ఎడమ వైపే. ఇన్నేళ్లూ సాయంత్రమయ్యేసరికి కింద బరువుగా లాగుతుంటే నిలబడి నిలబడి అనుకున్నాను. ఆపరేషన్ మాట వచ్చింది గానీ, జ్వరం తేదీలు చూపిస్తే ముందు ఇంకో టెస్టు చేయించుకుని రమ్మన్నాడు.

మీల్ మేకర్ గురించి నేనే అడిగాను. ఆయన నవ్వి, "మీ షాపుది ఎలా ఉంటుందో ఒకసారి రుచి చూడాలి" అన్నాడు.

పొయ్యిల దగ్గర మార్పు చేశాను. ఆటోనగర్‌లో ఒక రేకు కొట్టించి పొయ్యిల ముందు అడ్డంగా బిగించాను, పొయ్యికీ దానికీ మధ్య నాలుగు వేళ్ల సందు వదిలి. పక్కన ఫ్యాన్ పెడితే మంట చెదురుతుందని ఎగ్జాస్ట్ మార్చాను. జీన్స్ మానేసి పల్చటి కాటన్ ప్యాంటు వదులుగా కుట్టించుకున్నాను. పొద్దున్న వంటకి ఒక మాస్టర్ని పెట్టుకున్నాను, నెలకి పద్నాలుగు వేలు. లాభం అంతా అక్కడికే పోతోంది. ఆయన చేత్తో గుత్తివంకాయ కుదరదని కస్టమర్లు అంటున్నారు, అదో తలనొప్పి.

మీల్ మేకర్ జనవరి అంతా ముట్టలేదు. భయం పోలేదు మరి. ఫిబ్రవరి నుంచి మళ్లీ తింటున్నాను, ఒక పూటే.

ఏప్రిల్ 2న పొద్దున్న ఏడింటికి ల్యాబ్‌కి వెళ్లాను. బెంచీ నిజంగానే ఖాళీ. దూరం నాలుగు రోజులు. పరిమాణం 2.4, కౌంట్ 21 మిలియన్లు, మొత్తం కదలిక 43, ముందుకు పోయేవి 31. ఆకారం మాత్రం 3 దగ్గరే కూర్చుంది.


ల్యాబ్_స్లైడు

అన్నా! కౌంట్‌లో, కదలికలో గీత దాటావు. కానీ అంచు మీదే ఉన్నావు, ఇది కూడా చెప్పాలి. కౌంట్ ఒక నెలకీ ఇంకో నెలకీ దానంతటదే బాగా ఊగుతుంది. రెండు కాగితాలూ పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లు, ఒక్కటే చూపించకు.


బయోకెమ్_మాస్టారు

సంతోషం. మీ వల్ల ఒక పాఠం చెప్పుకునే అవకాశం వచ్చింది గానీ మా పాత విద్యార్థులైతే మీకు మార్కులు వెయ్యరు. జ్వరం తగ్గింది, పొయ్యికి రేకు వచ్చింది, ప్యాంటు మారింది, తిండి మారింది, దూరం మారింది, శాంపిల్ డిక్కీలో ప్రయాణం మానింది. ఆరూ ఒకేసారి మార్చారు. ఏది పనిచేసిందని అడిగితే ఏం చెబుతాం?


గాజువాక_కర్రీస్

మాస్టారూ, నాకు పిల్లలు కావాలి గానీ మార్కులు వద్దండీ. అయినా అడిగారు కాబట్టి, నా ఓటు రేకుకే. సాయంత్రం ఆ లాగుడు సగం తగ్గింది.

వచ్చే గురువారం డాక్టర్ దగ్గరికి ఇద్దరం వెళుతున్నాం. ఆపరేషనా, ఇంకో ఆరు నెలలు ఆగడమా అన్నది ఆ రోజు తేలాలి. మా ఆవిడకి 29 కాబట్టి తొందర లేదన్నారు గానీ తొందర ఎవరికి ఉందో మాకు తెలుసు. వేరికోసీల్ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు ఇక్కడ ఉంటే, ఎన్నాళ్లకి మళ్లీ బరువులు ఎత్తగలిగారో చెప్పండి. గుండిగ దించాలంటే నేనే దించాలి, కొత్త మాస్టర్‌కి నడుం నొప్పి.